నాయన రక్తంలో వంద కణాలు

నాయన చెంప లోపలి పుండు క్యాన్సర్ అని తేలినప్పుడు నేను తమిళనాడు ధర్మపురిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా ఇళ్లలోకి వస్తున్న రోజులవి. ఆయన తుంబలహళ్లి డ్యాం నీళ్ల కింద టమాటా పండించేవాడు. పొద్దున లేస్తే ఆకు, వక్క, పొగాకు నోట్లో పడాల్సిందే. నాలుగు నెలలుగా కారం తినలేకపోతున్నా మాకు చెప్పలేదు.

సేలంలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. దానికి ముందు రక్తపరీక్ష కోసం నాయనను మా ల్యాబుకే తీసుకొచ్చి నేనే సూది గుచ్చాను. గాజు పలక మీద చుక్క పూసి, రంగు పోసి, మైక్రోస్కోపు కింద తెల్లకణాలు వంద దాకా లెక్కపెట్టాను. న్యూట్రోఫిల్స్ ఎనభై రెండు. లింఫోసైట్స్ పదకొండు. మామూలుగా అయితే అరవై, ముప్పై చుట్టుపక్కల ఉండాలి.

మా ల్యాబు డాక్టరు ఒకసారి మాటల్లో అన్న సంగతి గుర్తొచ్చింది. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్లలో న్యూట్రోఫిల్స్ బాగా పెరిగి లింఫోసైట్స్ తగ్గితే, ఒళ్లు లోలోపల రగులుతున్నట్టు లెక్కట. అలాంటివాళ్లు ఎక్కువకాలం బతకరేమోనని కొందరు పరిశీలిస్తున్నారట. ఇంకా ఖాయం కాలేదని కూడా ఆయన అన్నాడు. భయంలో ఆ మాట నా తలకెక్కలేదు.

బయటికి వచ్చి, "ఇంకోసారి గుచ్చాల నాయనా, మొదటిది గడ్డకట్టింది" అన్నాను.

రెండోసారి ఎనభై మూడు, పది.

సాయంత్రం బస్టాండులో మా ఊరి వైపు పోయే పాలకోడు బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన అడిగాడు.

"పాపా, గడ్డకట్టలేదు కదా?"

నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"బాగుంటే రెండోసారి ఎందుకు గుచ్చుతావు? చెప్పు, నా రక్తమే కదా."

చెప్పేశాను.

"ఆ లెక్క చూసి ఆపరేషన్ వద్దంటారా?"

"వద్దనరు నాయనా."

"అట్లయితే పోదాం."

మాట గట్టిగానే అన్నాడు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం పట్టుకోవడానికి కమ్మీ దొరక్క రెండుసార్లు తడుముకున్నాడు.

సేలంలో కింది దవడ సగం తీసేశారు. కోసినచోటు మాని, ఆయన గంజి తాగడం మొదలుపెట్టాక న్యూట్రోఫిల్స్ లెక్క దిగింది. అయినా నాకు ధైర్యం రాలేదు. మూడు నెలలకోసారి పరీక్ష చేసినప్పుడల్లా ఆ స్లైడు నాతో పనిచేసే అమ్మాయికి ఇచ్చి, నేను మెట్ల మీదికి పోయి నిలబడేదాన్ని. లోపల ఆమె కణానికోసారి లెక్కయంత్రం మీటలు నొక్కే చప్పుడు వినబడుతుంటే చెవులు మూసుకునేదాన్ని. "సరిగ్గానే ఉందక్కా" అని ఆమె వచ్చి చెప్పినా, ఎన్ని ఎన్ని అని అడిగేదాన్ని.

మూడో ఏడు ఎండాకాలంలో మెడ కింద గడ్డ లేచింది. విచిత్రమేమంటే అంతకు వారం ముందు చేసిన పరీక్షలో కూడా లెక్క బాగానే ఉంది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని నేను ఎంత నిశ్చింతగా నిద్రపోయానో ఇప్పటికీ మరిచిపోలేను. వానలు మొదలయ్యేలోపే నాయన పోయాడు.

ఆ తర్వాత కూడా అదే కుర్చీలో కూర్చుని పనిచేశాను. నోటి పుండుతో వచ్చినవాళ్ల కూతుళ్లు కిటికీ దగ్గర నిలబడి, ఎలా ఉందక్కా అని అడిగేవాళ్లు. డాక్టరు చెప్తారమ్మా అనేదాన్ని. వాళ్ల ముఖాల్లోకి చూడలేకపోయేదాన్ని.