శెనక్కాయ పొట్టు గుండు

మొన్న మా అమ్మాయి కసరత్తుకు కెటిల్‌బెల్ కొనాలంటే అనంతపురంలో అంగడికి తోడు వెళ్లాను. పిడి ఉన్న ఇనుప గుండే అది. లోపలికి అడుగు పెట్టగానే రబ్బరు వాసన గుప్పుమంది. "పోటీల్లో వాడే రకం తీసుకోండి సార్. బరువు ఎంతున్నా సైజు ఒకటే, చేతికి అలవాటు తప్పదు" అన్నాడు అంగడతను, ఆ సంగతి ఎవరో దొరలు నిన్ననే కనిపెట్టినట్టు. నాకు నవ్వాగలేదు. డెబ్బైలలోనే మా ధర్మవరం మగ్గాల వీధిలో ఓబులన్న ఆ ముక్క నాకు చెప్పాడు.

ఓబులన్నది మా పక్కింటి మగ్గం. మనిషి బక్కపలచన, మాట మాత్రం బండరాయి. బత్తలపల్లె తిరునాళ్లలో నున్నటి రాతిగుండును భుజానికెత్తి వీపు వెనక్కి పారేసే పోటీ జరిగేది. ఏటా రైతుల పిల్లలే గెలిచేవాళ్లు. మా నేతగాళ్లు దగ్గరికి వెళ్తే చాలు, "చీర మడత నలుగుతాదప్పా, పక్కకు రా" అని నవ్వేవాళ్లు. వయసులో ఉండగా ఓబులన్న దాన్ని మోకాలి దాకా ఎత్తి వదిలేశాడట. ఊరు మరిచినా ఆయన మరవలేదు. నా తిండిపుష్టి చూసి నా మీద కన్నేశాడు. ఒక్కసారైనా ఆ నవ్వు ఆపించాలని నాకూ కసిగా ఉండేది.

సాధనకని నేనొక చిన్న రాయి దొర్లించుకొస్తే ఆయన దాన్ని కాలితో తోసేశాడు.

"దీంతో చిన్న రాయిని చేతుల్తో కరుసుకునేదే అలవాటైతాది. లావు ఆ గుండంత ఉండాల, బరువు తక్కువుండాల."

"అట్లాంటి రాయి యాడ దొరుకుతాదన్నా?"

"దొరికేది కాదు. మనమే చేస్తాం."

బత్తలపల్లెకు పోయి, గుడి ముందుండే ఆ గుండును వాటేసుకున్నట్టు నటిస్తూ పట్టుదారంతో చుట్టుకొలత తీశాడు. పూజారి అది భక్తి అనుకుని చేతిలో కొబ్బరిచిప్ప పెట్టాడు. ఓబులన్న కాదనకుండా తిన్నాడు. తర్వాత సిమెంటులో శెనక్కాయ పొట్టు కలిపి గుండు పోశాడు. నాకు బలం వచ్చేకొద్దీ పొట్టు తగ్గించి కొత్తది పోసేవాడు. లావు మాత్రం ఆ దారం దాటలేదు.

వీధిలో ఎత్తితే కబురు బత్తలపల్లెకు చేరుతుందని ఇంట్లో మగ్గం పక్కనే సాధన పెట్టాడు. మగ్గం మీద పెళ్లిచీర. "గుండు దబ్బుమని పడి ఒక్క పోగు తెగినా ఇద్దరికీ సంగటి లేదు" అంది ఆయన భార్య రంగమ్మ వదిన. అందుకని ఎత్తిన గుండును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించడం నేర్చుకున్నాను. వెనక్కి పారేయడానికి నేర్చుకునేదేముందిలే అనుకున్నాం.

తిరునాళ్ల రోజు గుండు నా భుజమెక్కింది. రైతుల నోళ్లు మూతపడ్డాయి. ఇక వెనక్కి వదిలేస్తే చాలు. నా చేతులు వింటేగా? దాన్ని రొమ్ము మీదుగా జార్చి, మోకాళ్లు వంచి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టేశాయి. జనం పగలబడి నవ్వారు. పారేయలేదు కాబట్టి చెల్లదన్నారు పెద్దలు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఓబులన్న పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు. "సరేప్పా, చెల్లదు. పారేసినోళ్లు శానామంది ఉండారు. సప్పుడు లేకుండా దించేటోడు ఉంటే రమ్మనండి, సూస్తాం."

అంతకుముందు సంవత్సరం గెలిచిన రైతు ఎత్తాడు. దించబోయి, పాదాల మీద పడుతుందని భయపడి వదిలేసి ఆమడ దూరం గెంతాడు. ఈసారి జనం అతన్ని చూసి నవ్వారు. అయినా పోటీలో ముందే గుండు వెనక్కి పారేసి ఉన్నాడని బహుమతి అతనికే ఇచ్చారు. ఓబులన్న మాత్రం ఇంటికొచ్చి "గెలిచినాం" అని చెప్పాడు. "చీర బాగుండాది, అది చాలు" అంది వదిన.

ఎనభైలలో ఓబులన్న పోయాడు. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ణి. దించేచోట అందరూ తొందరపడుతుంటే "నిదానంగా" అన్నాను. మోకాళ్లు వంచి, ఆయన్ను చప్పుడు కాకుండా నేల మీద పెట్టాను. జీవితంలో ఏం గెలిచావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఆ క్షణమే గుర్తొస్తుంది.