పన్నెండు జానల చక్రం

మొన్న మా ఇంటి తలుపు సరిచేయడానికి వచ్చిన వడ్రంగి టేపు లాగి, చట్రాన్ని రెండుసార్లు కొలిచి, కాగితం మీద రాసుకుని, మళ్లీ మూడోసారి కొలిచాడు. మా కోడలు "ఇంకెన్నిసార్లు కొలుస్తవన్నా?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజాం కాలంలో ఒక కొలత దగ్గర నా పరువు నిలువునా పోయిన రోజు గుర్తొచ్చింది.

ఇబ్రహీంపట్నంలో మాది వడ్లోళ్ల ఇల్లు. నాగళ్లు, గుంటకలు అన్నీ చేసినా మా పేరు బండి చక్రాల మీదే నిలిచింది. బాపు పోయాక అన్నా నేనూ ఆ పని నడిపేవాళ్లం. ఏదో పని మీద వచ్చిన ఒక సర్కారు అధికారి నా చక్రం చూసి ముచ్చటపడి, పట్నంలో చేతిపనుల కాలేజీకి ఉస్తాదుగా రమ్మన్నాడు. మూడు నెలలు చూసి, నచ్చితే ఉద్యోగం పక్కా చేస్తారట. నేను ఎగిరి గంతేశాను. అన్న చేతిలో బాడిశ ఆపకుండానే, "మన పని చేతిల ఉంటది తమ్మీ, నోట్ల ఉండదు. చెప్తే ఎట్లొస్తది?" అన్నాడు. "నేర్పి చూపిస్త. లేకుంటే ఈ వాకిట్ల అడుగు పెట్ట" అని నలుగురిలో అనేసి, పట్నం దారిలో బొంగులూరు దాకా వెనక్కి చూడకుండా నడిచాను. కాళ్లు నొప్పి పెట్టాక గానీ కోపం దిగలేదు.

కాలేజీలో పన్నెండు మంది శిష్యులు, అందరూ మీసాలు వచ్చినవాళ్లే. నాకొక కుర్చీ ఇచ్చారు. అందులో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. చక్రానికి పన్నెండు ఆకులుంటాయి, నడుమ దుంగ నుంచి అంచు దాకా పోయే కర్రలు. తలా ఒకటి చెక్కమన్నాను. ఎంత పొడుగని అడిగారు. "రెండు జానలు, నాలుగు వేళ్లు" అన్నాను. మా ఇంట్లో అంతకుమించి కొలత ఎవరూ అడిగి ఎరగరు. ఎవరి ఆకు వారు తెచ్చి చూపిస్తే, నునుపు చూసి భేష్ అన్నానే గానీ ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడలేదు.

మూడో నెల చివర ప్రిన్సిపాల్ సాబ్ వచ్చారు. ఆయన ఎదుటే దుంగకు ఆకులు బిగించాం. ఒకటి వేలెడు బయటికి పొడుచుకొచ్చింది, పక్కది రెండు వేళ్లు లోపలే ఆగింది. పన్నెండు మంది పన్నెండు జానలతో కొలిచారు! చక్రం పళ్లూడిన ముసలి నోరులా ఉంది. ఊళ్లో ఒక చక్రం ఒక్కడే చేస్తాడు, ఒక్క చెయ్యే కొలుస్తుంది. చేతికీ చేతికీ తేడా ఉంటుందని పదిహేనేళ్లు పనిచేసిన నాకు ఆ క్షణం దాకా తట్టలేదంటే నమ్ముతారా? సిగ్గుతో చచ్చిపోయాను. వారంలోగా సరైన చక్రం చూపించకపోతే ఇంటికి పొమ్మన్నారు సాబ్.

అడుగు పెట్టనన్న వాకిట్లోనే అడుగు పెట్టాను. అన్న ఎద్దేవా చేస్తాడనుకున్నాను. అంతా విని, తన చెయ్యి నా చేతికి ఆనించాడు. నాకంటే సగం వేలు పొడుగు. ఇద్దరం బిత్తరపోయి చూసుకున్నాం.

"అరే తమ్మీ! గందుకేనా బాపు ఒక బండికి రెండు చక్రాలూ ఒక్కనితోనే చేయించేటోడు? చెరొకటి చేస్తమంటే బండికి కీడని తిట్టేటోడు గద!"

కీడు కాదు, బండి ఒరుగుతుంది! ఆచారమనుకుని ఇన్నేళ్లూ పాటించాం. బాపుకు అసలు సంగతి తెలుసో, ఆయన కూడా తన బాపు మాటే మాకు చెప్పాడో, ఇక ఎవరిని అడుగుతాం?

తెల్లారి నా జానకు సరిగ్గా వెదురుబద్ద కోసి, వేళ్లకు గీతలు పెట్టుకుని పట్నం పోయాను. గడువు నాటికి చక్రం దొర్లింది, ఉద్యోగం నిలిచింది. తల పండేదాకా ఆ బద్దతోనే నేర్పాను. నా జాన ఎంతోమంది చేతుల్లోకి పోయింది. బాపు జాన ఎంతో మాత్రం అన్నకూ తెలియదు, నాకూ తెలియదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ చేతి పక్కన చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు, తోచేనాటికి ఆయన పోయి ఆరేళ్లు.