వదిన తీసుకోవలసిన కొలత

మా వదిన పోయింది. పోయిన సోమవారం పొద్దున్న, అన్నయ్య మామూలుగా ఫస్ట్ షిఫ్టుకి బయలుదేరే వేళకి, ఆసుపత్రిలో కన్నుమూసింది. మొదట కామెర్లన్నారు, తర్వాత లివరన్నారు, ఆ తర్వాత డాక్టర్లు మాతో ఎక్కువ మాట్లాడటం మానేశారు. భిలాయి సెక్టర్ 2లో మా క్వార్టరు ముందు కుర్చీలు వేసేసరికే క్యాంప్ 1 నుంచి ఆడవాళ్లు ఎండలో నడిచి వచ్చేశారు. వాళ్లంతా ఆవిడ షెడ్డులో మిషను కుట్టేవాళ్లు. ఒకామె గుమ్మంలోనే కూలబడి, మాకింక అమ్మ లేదంటూ హిందీలో ఏడ్చింది. ఆమెను లేపడానికి వెళ్లి నేనూ అక్కడే కూర్చుండిపోయాను.

వదిన పేరు పేపర్లో ఎప్పుడూ రాలేదు. కాలే ఇనుము పట్టుకునే చేతులకి గ్లవ్స్ కుట్టించి అమ్మేది, అంతే. విజయనగరం నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆవిడకి జాకెట్లు కుట్టడమే వచ్చు. ఉక్కు ప్లాంటులో అన్నయ్యకిచ్చిన గ్లవ్స్ ఆయన చేతికి మరీ వదులుగా ఉండేవి. వాటిని ఊడదీసి, సరిచేసి కుట్టింది. అన్నయ్య స్నేహితులు మాకూ కుట్టమన్నారు. అలా ఒక మిషను, తర్వాత ఇంకొకటి, తర్వాత క్యాంప్ 1లో రేకుల షెడ్డు. ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు కొటేషన్లు టైపు చేయడం, స్కూటరు నడపడం నా పని. నన్ను పెంచింది కూడా ఆవిడే కాబట్టి కాదనే హక్కు నాకు లేదు. అయినా సణిగేవాణ్ణి.

చలికాలంలో మా ఊళ్లో వ్యాపార మేళా జరుగుతుంది. ఒకపక్క రంగులరాట్నం, చాట్ బళ్లు, ఇంకోపక్క చిన్న పరిశ్రమల స్టాళ్లు. ఏటా మాకూ ఒకటి ఉండేది, ఎప్పుడూ గ్యాసు స్టవ్వులవాళ్ల పక్కనే. మేళాలో అందరూ పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఉంటారు. కార్డులిస్తారు, భుజం తడతారు, తప్పకుండా ఆర్డరిస్తామంటారు. గుడారాలు పీకేశాక వాళ్లకి మనమెవరమో తెలియదు. ఇదంతా ఆరంభశూరత్వమని నేను విసుక్కునేవాణ్ణి. వదిన మాత్రం ఆ కార్డుల్ని తిరగేస్తూ, "అడగందే అమ్మయినా పెట్టదు బాబూ, ఆళ్లు మనకేటవుతారని గుర్తెట్టుకుంటారు? మనమే ఎల్లాల" అనేది.

వెళ్లడంలో ఆవిడకో పద్ధతుంది. ఎవరి దగ్గరికెళ్లినా మొదట ఆర్డరు మాట ఎత్తేది కాదు. మేళాలో ఇచ్చిన శాంపిల్ గ్లవ్ ఎక్కడ చిరిగిందని అడిగేది. చిరిగినది చూపిస్తే చేతిలోకి తీసుకుని, లోపలికి వేళ్లు పెట్టి, ఏ పని చేస్తుంటే చిరిగిందో కనుక్కునేది. ఒక పర్చేజు ఆఫీసరు టేబుల్ సొరుగులోంచి శాంపిల్ తీశాడు, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఆవిడ నవ్వేసి, దీన్ని ఎవరి చేతికైనా తొడిగించండి, చిరిగాక వస్తామని చెప్పి లేచొచ్చేసింది. ఇలాగైతే మన వ్యాపారం తెల్లారినట్టేనని దారంతా దెప్పాను. ఆ ఆఫీసరు తర్వాతా కొనలేదు. అన్నిసార్లూ ఆవిడే గెలిచిందని చెబితే అది అబద్ధమవుతుంది. కాళ్లరిగేలా తిరిగి ఉత్త చేతులతో వచ్చిన రోజులే ఎక్కువ. అలాంటి రోజున ఇంటికొచ్చి ఉల్లిపాయ పకోడీలు వేసేది. ఓడిపోయినట్టు కనపడటం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు.

వదిన వాళ్ల నాన్నగారు చనిపోయిన ఏడు ఒక సంగతి జరిగింది. అక్కడి కార్యం ముగించుకుని రాకుండా, మూడోరోజు దాటగానే ఆవిడ భిలాయి తిరిగొచ్చేసింది. ఒక పంజాబీ కాంట్రాక్టరుకి ఫలానా రోజు వస్తానని మేళాలో మాటిచ్చిందట. మైలలో ఎలా వెళతావన్నాను. "ఆళ్ల గడప తొక్కను, ఆళ్ల నీళ్లు ముట్టను. గేటుకి మైలేటి?" అంది. నిజంగానే ఆఫీసు బయట రోడ్డు మీద నిలబడి ఆయన్నే బయటికి రమ్మని కబురంపింది. లోపలికొచ్చి టీ తాగమని ఆయన, రానని ఈవిడ. ఆయనకి మన మైల సంగతి తెలియక, తన మీద కోపమొచ్చిందనుకుని క్షమాపణలు మొదలెట్టాడు. నాకు నవ్వాగలేదు. చివరికి ఆయన తన కుర్చీని రోడ్డు మీదికి తెప్పించి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అన్నేళ్లూ మా షెడ్డు నడిచింది ఎక్కువగా ఆ కాంట్రాక్టరు వల్లే.

పోయిన వర్షాకాలంలో ఆయన పని మూసేసుకుని వాళ్ల ఊరెళ్లిపోయాడు. షెడ్డులో మిషన్లు సగం రోజులు ఖాళీగానే ఉన్నాయి. ఈ మేళాలో కొత్తవాళ్లు దొరక్కపోతే ఆడవాళ్లని ఇంటికి పంపెయ్యాల్సిందే. అది అందరికీ తెలుసు. ఈసారి స్టాల్లో నేనూ సణగలేదు.

ఆఖరి రోజున ఒక పెద్ద కంపెనీ మేనేజరు కార్డిచ్చి, వారంలోగా రమ్మన్నాడు. నేను గాల్లో తేలుతుంటే, వదిన స్టాల్ చివర నిలబడిన ఒక మనిషిని చూస్తోంది. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు, మనవాడే, పలాస వైపు మనిషి. పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించి ఇటు వచ్చాడు. కుడిచెయ్యి జేబులోంచి తీయడు. వదిన ఏం మాట్లాడిందో గానీ కాసేపటికి తీశాడు. చిటికెనవేలు, దాని పక్క వేలు లేవు. మామూలు గ్లవ్ తొడిగితే ఆ రెండు ఖాళీ వేళ్లూ ఎక్కడ పడితే అక్కడ చిక్కుకుంటాయని, అందుకే ఉత్త చేత్తో పని చేస్తున్నానని చెప్పాడు. ఈ చేతికే గ్లవ్ కుడతానని, కొలతకి తనే జాముల్ వస్తానని వదిన మాటిచ్చింది.

మొదట మేనేజరు దగ్గరికెళదాం, ఒక్క జత కోసం జాముల్ దాకా ఏమిటని నేను వాదించాను. "ఆ మేనేజరు దగ్గరికి పదిమంది ఎల్తారు. ఈడికి నేనొక్కదాన్నే వస్తానన్నాను" అంది.

ఎక్కడికీ వెళ్లలేకపోయింది. ఆ వారమే కళ్లు పచ్చబడ్డాయి. నేనూ అన్నయ్యా ఆసుపత్రి దగ్గరే ఉండిపోయాం. పెద్ద ఆర్డరు మరొకరికి వెళ్లిపోయిందని అక్కడి వరండాలోనే తెలిసింది. ఆవిడకి చెప్పలేదు. ఆవిడా దాని గురించి అడగలేదు. జాముల్ వెళ్లావా అని మాత్రం రోజూ అడిగేది. నువ్వు లేచాక ఇద్దరం వెళదామనేవాణ్ణి. నిజంగానే లేస్తుందనుకున్నాను.

వదిన పోయిన మూడోరోజున స్కూటరు తాళాలు తీసుకుంటుంటే, విజయనగరం నుంచొచ్చిన పెద్దమ్మ అడ్డుపడింది. పెద్దకర్మ కాకుండా ఈ వ్యాపారాలేమిటి, లోకం ఏమనుకుంటుందంది. ఆవిడ మాటలో తప్పు లేదు. అన్నయ్య గోడకి ఆనుకునే, "ఎల్లనియ్యి పెద్దమ్మా, గేటు బయటే నిలబడతాడు" అన్నాడు. క్యాంప్ 1 ఆడవాళ్లలో పెద్దామె నా వెనకే వీధిలోకొచ్చి, కొలత తెస్తే చాలు, కుట్టడం మేం చూసుకుంటామంది.

జాముల్ గేటు బయట లారీల పక్కన స్కూటరు ఆపి లోపలికి కబురంపాను. చాలాసేపటికి అతనొచ్చాడు, కనుబొమల దాకా సిమెంటు. నన్ను గుర్తుపట్టాడు గానీ నవ్వలేదు.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చినానేటి బాబూ? ఆయమ్మ కూడా అందరిలాగే ఊరికే అనీసిందనుకున్నాను. మా ఇంటిదాని దగ్గర తిట్టీసినాను కూడాను."

చెప్పాను. అతను గుండు చేయించుకున్న నా తల వైపు అప్పుడు సరిగ్గా చూశాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు, సిమెంటు ఇంకా పులుముకుంది. కొలత తీసుకోవడానికి వచ్చానన్నాను. ఇప్పుడెందుకులే బాబూ, అయినోళ్లు పోయిన రోజుల్లో, అన్నాడు. ఆవిడ వస్తానంది కదా అన్నాను.

కాగితం పరవడానికి అక్కడ వేరే చోటు లేదు. స్కూటరు సీటు మీదే పరిచాను. అతను చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ఆ కాగితం మీద బోర్లా పెట్టాడు. ఆ పని ఎప్పుడూ వదినదే, నాకు అలవాటు లేదు. బొటనవేలి దగ్గర మొదలుపెట్టి పెన్సిలు మెల్లగా నడిపాను. చూపుడువేలు చుట్టూ, మధ్యవేలు చుట్టూ తిరిగి, వేళ్లు ఆగిపోయిన చోట ఒక్కసారి ఆగి, అరచేతి అంచు వెంట మణికట్టు దాకా వచ్చాను. లారీలు పోతూనే ఉన్నాయి.

గీత పూర్తయింది. అతను చెయ్యి తీయలేదు. నేనూ తీయమనలేదు.