ఇంజనుకు మంకీ టోపీ

ఉన్ని కాలిన వాసన ముక్కుకు తగిలిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది, మా ఇంటి పరువు నీళ్లలో కలవబోతోందని. అలంకారానికి అనడం లేదు. నిజంగా నీళ్లలోనే, అదీ నట్టనడుమ.

ఇటు ఒడ్డు నల్లగొండ జిల్లా, అటు ఒడ్డు మహబూబ్‌నగర్ జిల్లా, మధ్యలో సాగర్ డ్యాం వెనుక నిలిచిన నీళ్లు. ఆ నీళ్ల మీద మా ఆయన యాదయ్య కొత్తగా కొన్న మోటారు పడవ. అందులో నేను, మా పిల్లలు శీనుగాడు, చిట్టి, ఇంకా అవతలి ఊరి సర్పంచ్ సాబ్, ఆయన వెంట పెద్దమనుషులు. సంతకు వచ్చిపోయే జనాన్ని దాటించే రేవు మా పడవకు ఇవ్వాలా, లేక ఎప్పటినుంచో బుట్టలాంటి గుండ్రటి పుట్టి తిప్పుతున్న ఖాసింకే ఉంచాలా? ఆ సంగతి తేల్చడానికే వాళ్లు మా పడవెక్కారు. అంటే మా బతుకంతా ఆ ఒక్క ప్రయాణం మీదే ఉందన్నమాట.

ఈ ఘోరానికి పునాది నా బీఎస్సీ. ఆ ఇంజను ఎవరో సముద్రం మీద వాడి వదిలేసింది. దాంతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి దాన్ని చదివే భాగ్యమూ నాకే దక్కింది.

"ఏమున్నదే అండ్ల?" అన్నాడు ఆయన.

"చలికాలం జాగ్రత్తలున్నయి. నువ్వు ఫికర్ జెయ్యకు, నేను చూసుకుంట."

ఇంజనులో తిరిగి వేడెక్కిన డీజిలును చల్లబరచడానికి ఒక కూలర్ ఉంటుంది. బయటి నీళ్లు ఒక గొట్టం గుండా అందులోకి వచ్చిపోతాయి. చలికాలం రాగానే ఆ నీళ్లన్నీ తీసేసి గొట్టం మూసేయాలట, లేకపోతే నీళ్లు గడ్డకట్టి కూలర్ పగులుతుందట. మా ఊళ్లో గడ్డకట్టిన నీళ్లను పుల్ల ఐసు అమ్మేవాడి డబ్బాలో తప్ప ఎవరూ ఎక్కడా చూడలేదు. అయినా నమ్మాను. మళ్లీ ఎండలు వచ్చేదాకా పడవను నీళ్లలో దించవద్దని ఆ కిందే రాసి ఉంది. అది మాత్రం మనకు వర్తించదని నేనే తీర్పు చెప్పేశాను.

నా సంగతి మీకు తెలియదు. కార్తీకం వచ్చిందంటే చాలు, మా పిల్లలకు చెవుల్లో దూది, ఒంటికి స్వెటరు, నెత్తికి మంకీ టోపీ. పాపం, నన్ను సంతోషపెట్టడానికి వాళ్లు చెమటలు కక్కుతూ వణికేవాళ్లు. అలాంటి నాకు చలి అన్న మాట కనబడితే మనిషా, ఇనుమా అని చూస్తానా? కూలర్ నీళ్లు వంపేశాను. గొట్టానికి సరిపడే మూత దొరకలేదు. చేతికి మెత్తగా, వెచ్చగా ఒకటి తగిలింది. దాన్ని కుక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన తర్వాత తెలిసి మెచ్చుకోవాలని!

"యాదయ్యా, ఏందయ్యా వాసన? గొర్రెను గిట్ల కాలుస్తున్నవా?" అన్నారు సర్పంచ్ సాబ్.

"కొత్తగ పెట్టిన ఇంజను గద సాబ్, జర గట్లనే ఉంటది."

ఇంజను దగ్గింది. జలుబు చేయకూడదని నేను అంత జాగ్రత్తపడ్డ ఇంజను, అచ్చం శీనుగాడిలాగే దగ్గి, మూలిగి, ఆగిపోయింది.

మా ఆయన ఇంజను మూత ఎత్తాడు. గుప్పుమని పొగ. "కూలరుకు నీళ్లొస్తలేవు! డీజిలు సలసల కాగుతాంది!" అంటూ గొట్టంలోకి వేళ్లు పెట్టి, ఈనలేని బర్రె కడుపులోంచి దూడను లాగినట్టు లాగాడు. ముందు ఎర్రటి ఊలు బంతి బయటపడింది, వెనకాలే చెవులు.

"ఇదెవలది?"

నేను ఎన్నడూ నీళ్లు చూడనట్టు నీళ్లను చూస్తున్నాను.

"అమ్మా, నా టోపీ!" శీనుగాడు ఎగిరి గంతేశాడు. "పోయిందంటివి గదనే!"

సర్పంచ్ సాబ్ నావైపు తిరిగారు. "ఏమమ్మా, చెవులల్ల గాలి జొర్రుతదని పెట్టినవా?"

"నీళ్లు గడ్డకడ్తయని బుక్కుల ఉన్నది సాబ్..."

ఆయన చెయ్యి నీళ్లలో ముంచి, పక్కాయన మీద చిలకరించారు. "చూడుండ్రి, గడ్డ తాకిందా?"

పడవంతా నవ్వులు. నవ్వనిది ఇంజనూ, మా ఆయనా. ఇంతలో ఖాసిం పుట్టి గిరగిరా తిరుగుతూ వచ్చింది.

"తాడు ఇటెయ్యి చెల్లె. నా పుట్టికి చలి వెట్టదు."

మోటారు పడవ బుట్ట వెనకాల ఊరేగుతూ ఒడ్డు చేరింది. సర్పంచ్ సాబ్ దిగుతూనే తీర్పు చెప్పారు: "యాదయ్యా, ఎండకాలం రేవు నీది. చలికాలం ఖాసింది. నీ ఇంజనుకు సర్ది జేస్తది."

మర్నాడు పొద్దున పాత టోపీలు పట్టుకుని పిల్లల వెంటపడ్డాను.

"నేను పెట్టుకోనే," అన్నాడు శీనుగాడు. "ఇంజను పెట్టుకుంటె ఆగిపోలే? నేను గూడ ఆగిపోత."

చిట్టి తన టోపీ కూడా పీకి నా చేతిలో పెట్టింది. గోడవైపు తిరిగి గడ్డం గీసుకుంటున్న మా ఆయన భుజాలు ఊగుతున్నాయి. నేను పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని, వాళ్ల తలల మీద చేతులుంచి, గంభీరంగా ప్రమాణం చేశాను:

"మీ మీద ఒట్టు బిడ్డా, ఇగ ఈ జన్మల మీ అమ్మ ఎవ్వలికీ టోపీ పెట్టది."