సర్కారు ఖర్చుతో నేర్చిన రాత

మా పెదనాయినకు చదవడం రాదు. సంతకం మాత్రం వచ్చు. అదీ నా కోసమే, నాలుగు రోజులు కష్టపడి నేర్చుకున్నాడు. నేనే నేర్పాను. జంపఖానాలో ఎన్ని పోగుల తర్వాత ఏ రంగు రావాలో కాగితం చూడకుండా చెప్పే మనిషి, తన పేరులో రెండో అక్షరం దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆగిపోయేవాడు. "గిది మగ్గం కన్న మొండిగున్నదిరా" అని నవ్వేవాడు. ఆ సంతకం ఎందుకు పెట్టించానో, ఆ తర్వాత ఆయనకు నేనేం చేశానో చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. బతుకంతా రాసి జీతం తీసుకున్నవాడిని, ఈ ఒక్కటి రాయడానికి చెయ్యి రాలేదంటే నమ్మేవాళ్లు నమ్మండి.

డెబ్బైల చివరి మాట. మాది వరంగల్‌లో కొత్తవాడ. మా ఇంట్లో వెడల్పాటి జంపఖానాలు నేసే పెద్ద మగ్గం ఉండేది. దాని మీద ఒక్కడు నేయలేడు. ఎడమ పక్క నాయిన, కుడి పక్క పెదనాయిన కూర్చునేవారు. పోగును దగ్గరికి కొట్టే ఇనుప పంజా ఇద్దరి చేతుల్లోనూ ఉండేది. ఇద్దరూ ఒకే దెబ్బగా కొట్టాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే నేత వంకరపోతుంది. ముప్పై ఏళ్లు అలాగే కొట్టారు. ఇంట్లో మాట్లాడుకోని రోజులుండేవి గానీ, మగ్గం మీద మాత్రం ఏనాడూ తేడా రాలేదు.

నేను డిగ్రీ పాసై రెండేళ్లు ఖాళీగా తిరిగాను. మగ్గం ఎక్కనంటే ఎక్కనన్నాను. చదువుకున్నవాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడా అని నా పొగరు. ఆ పొగరుకు అన్నం పెట్టింది మాత్రం ఆ గుంటే.

అప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు గోడ మీద ఒక నోటీసు కనిపించింది. తెలుగు షార్ట్‌హ్యాండ్ నేర్పుతారు. నేర్చుకున్నన్నాళ్లు సర్కారే నెలనెలా స్టయిఫండ్ ఇస్తుంది. పాసైతే సర్కారు కొలువు. ఏ శాఖలోనో అందులో రాయలేదు. నేనూ అడగలేదు. కొలువు అన్న మాట కనిపించాక మిగతా అక్షరాలు ఎవరికి కావాలి?

ఇంటర్వ్యూలో మామూలు బట్టలు వేసుకున్న ఒక ఆఫీసరు ఉన్నాడు. షార్ట్‌హ్యాండ్ గురించి ఒక్క ముక్క అడగలేదు. మీ వాడలో మీటింగులు జరుగుతాయా, ఎవరు బాగా మాట్లాడతారు అని అడిగాడు. "మా పెదనాయిన సార్. ఆయన లేస్తే మంది కదలరు" అన్నాను. ఎంత సంబరంగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నాకు మార్కులు వేస్తున్నాడనుకున్నాను.

సెలెక్టయ్యాక బాండు ఇచ్చారు. చదువు ఖర్చు సర్కారుది కాబట్టి, పాసయ్యాక మూడేళ్లు ఎక్కడ వేస్తే అక్కడ చెయ్యాలి. మధ్యలో మానేస్తే ఆ ఖర్చంతా జామీను పడినవాడు కట్టాలి. జామీనుకు వేలిముద్ర చెల్లదన్నారు. పెదనాయిన సంతకం నేర్చుకున్నది అందుకే. ఆఫీసులో బల్ల మీదికి వంగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, రెండో అక్షరం దగ్గర ఈసారి ఆగకుండా రాసేశాడు. బయటికొచ్చి "ఇగ నీకేం ఫికర్ లేదు బిడ్డా" అని నా భుజం మీద కొట్టాడు.

క్లాసులు హనుమకొండలో ఒక మేడ మీద గదిలో జరిగేవి. పదిమందిమి ఉండేవాళ్లం. నేర్పేది ఒక రిటైరైన పెద్దాయన. పెన్సిల్ చెక్కడం దగ్గర్నుంచి నేర్పాడు. మొదటి నెలలు ఏవో ఉత్తరాలు, సర్కారు ప్రకటనలు చదివి రాయించాడు. తర్వాత ఒక టేప్‌రికార్డరు తెచ్చి పెట్టాడు. అందులో చప్పట్లు, ఈలలు, గొంతు చించుకుని మాట్లాడే మనుషులు. ఎవరో రైతు వరంగల్ మార్కెట్లో మిరపకాయల ధర గురించి తిడుతున్నాడు. అప్పుడు అర్థమైంది మా శాఖ ఏదో. పోలీసుల నిఘా విభాగం. మీటింగుల్లో కూర్చుని, ఎవరేం మాట్లాడారో పొల్లుపోకుండా రాసి పైకి పంపడం మా పని.

ఆ సాయంత్రం లేచి వచ్చేయవచ్చు. రాలేదు. జామీను ఉంది కదా, పెదనాయిన మీద పడుతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, అప్పటికే నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్సిళ్లు పెట్టుకుని వాడలో నడుస్తున్నాను. అందరూ చూస్తున్నారు. అది వదులుకోబుద్ధి కాలేదు.

పెద్దాయన ఒక కిటుకు చెప్పాడు. "మాట్లాడెటోడు ఉరుకుతాంటే అంతా పట్టలేవు. వేడి మాట ఇడువకు. చల్లటి మాట పోయినా ఎవ్వడడగడు." పదిమందిమీ నోటుబుక్కుల్లో రాసుకున్నాం.

ఇంట్లో నా ఉద్యోగం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు, "మంది బాధలు రాసి సర్కారుకు పంపుడు" అన్నాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. అబద్ధమాడితే ఏనాటికైనా బయటపడుతుంది గానీ, ఇలాంటి నిజానికి చావు లేదు. పెదనాయిన పొంగిపోయాడు. "ఇన్నేండ్ల సంది మన మాట ఇనెటోడు లేకుండె. ఇప్పుడు మన పిల్లగాడే పోతాండు సర్కారు కాడికి" అని వాడంతా చెప్పుకున్నాడు. ఆ మాట విని ఒకరిద్దరు ముసలివాళ్లు పింఛను సంగతి కూడా రాయమని నా దగ్గరికొచ్చారు.

మొదటి రెండేళ్లు నన్ను నర్సంపేట, ములుగు వైపు మీటింగులకు పంపారు. ముఖం తెలియని మనుషులు, ముఖం తెలియని మాటలు. రాసేవాణ్ణి, టైపు చేసేవాణ్ణి, బస్సెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. నిద్ర బాగానే పట్టేది. నన్ను పర్మనెంటు చేసే ఫైలు కదులుతుండగా, ఎనభైల మొదట్లో, కొత్తవాడ మీటింగు వచ్చింది.

నూలు దొరకడం లేదు. నేతగాళ్ల సొసైటీ గోదాంలో నూలు బేళ్లున్నాయి గానీ, తాళం తీయడం లేదు. మగ్గాలు ఆగిపోయాయి. ఒక ఆదివారం పొద్దున గోదాం ముందు మీటింగు పెట్టారు. మా ఆఫీసరు నన్నే పొమ్మన్నాడు. "నీ వాడే కదా, నీకైతే ఎవరూ అడ్డం చెప్పరు" అన్నాడు.

అడ్డం చెప్పడమా! నేను వెనక నిలబడి రాద్దామనుకుంటే చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లారు. ఎవరింట్లోంచో కుర్చీ తెచ్చారు. అక్కడ కుర్చీ నాకొక్కడికే. అందరూ నేల మీద కూర్చున్నారు. "మనోడు రాస్తాండు, లొల్లి చెయ్యకుండ్రి" అని పిల్లల్ని కసిరారు. తల ఎత్తలేక పెన్సిల్ మొన చూస్తూ కూర్చున్నాను.

పెదనాయిన లేచాడు. మామూలుగా ఆయన మాట వరదలా వస్తుంది. ఆ రోజు నా కోసం నెమ్మదిగా మాట్లాడాడు. ప్రతి మాటకూ నా వైపు చూసి, నా చెయ్యి ఆగాకే తర్వాతి మాట ఎత్తుకున్నాడు. మగ్గం మీద పక్కవాడి చెయ్యి చూసుకుని కొట్టే అలవాటు అది.

"తాళం తియ్యకపోతే మనమే పలగ్గొడ్దాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ గోలలో నాకు వినబడలేదేమోనని ఆగి, "రాసుకున్నవా బిడ్డా? తాళం తియ్యకపోతే మనమే పలగ్గొడ్దాం" అని మళ్లీ చెప్పాడు. రాసుకున్నాను.

అప్పుడే నాయిన పక్కనుంచి చాయ్ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు. నేను గ్లాసు అందుకుంటుండగా పెదనాయిన గొంతు తగ్గించి అన్నాడు. "కోపానికన్న గని, గా పని మనది కాదు. మనం నేసెటోళ్లం, పలగ్గొట్టెటోళ్లం కాదు. రేపు అందరం కలెక్టర్ కాడికి పోదాం." ప్రతి మాటా విన్నాను. గ్లాసు కింద పెట్టి రాయడానికి రెండు క్షణాలు చాలు. చల్లటి మాట. పోయినా ఎవ్వడడగడు. చాయ్ తాగాను.

మూడో రోజుకు గోదాం తాళం పగిలింది. రెండు బేళ్లు పోయాయి. ఎవరు పగలగొట్టారో ఇప్పటికీ తెలియదు. పోలీసులు మాత్రం నేరుగా మా ఇంటికొచ్చి, ఖాళీ మగ్గం దగ్గర్నుంచి పెదనాయినను లేపి తీసుకెళ్లారు. మందిని ఉసిగొల్పాడని కేసు. సాక్ష్యం నా నోటుబుక్కు.

వాడంతా చందాలేసుకుని ఒక వకీలును పెట్టారు. ఆయన మొదట నాయిన దగ్గరికొచ్చాడు. "తాళం పలగ్గొట్టుడు మన పని కాదని మీ అన్న అన్నడట. తమ్ముడివి, ముందట ఉన్నోనివి, నువ్వు చెప్తే బలముంటది" అన్నాడు. నాయిన చాలాసేపు నా వైపు చూశాడు. "నేను ఎనుకకున్న సార్. నాకు సరిగ్గ ఇనబడలే" అన్నాడు.

కోర్టులో నా షార్ట్‌హ్యాండ్ నన్నే చదవమన్నారు. చదివాను. వకీలు అడిగాడు, ఈ మాట తర్వాత ముద్దాయి ఇంకేమైనా అన్నాడా అని. "నోట్సులో ఉన్నంతవరకే చెప్పగలను సార్" అన్నాను. అదీ క్లాసులో నేర్పిన మాటే. గొంతు వణకలేదు. వణికి ఉంటే ఇవాళ కొంచెం నయంగా ఉండేది.

మీటింగులో ఉన్న నేతగాళ్లు ఇద్దరు, పలగ్గొట్టొద్దని కూడా ఆయన అన్నాడని చెప్పారు. కానీ వాళ్లది నోటిమాట, నాది అప్పటికప్పుడు రాసింది. చివరికి వకీలు ఒక ఉపాయం పట్టాడు. ఇక్కడే ఏదైనా చదువుతాను, ఈ పిల్లవాడు షార్ట్‌హ్యాండులో రాయాలి, ఎన్ని మాటలు వదులుతాడో కోర్టు చూడాలి అన్నాడు. పట్టుబడితే పర్మనెంటు సంగతి అటుంచి, ఉన్న కొలువే పోతుంది.

బోనులోంచి పెదనాయిన రెండు చేతులూ జోడించాడు. "వద్దు సార్. పిల్లగానికి పరీక్షలు పెట్టకుండ్రి. మా పిల్లగాడు తప్పు రాయడు. వాడేం రాసిండో గదే నేనన్న."

వకీలు కాగితాలు కట్టేసుకున్నాడు. ఆరు నెలల జైలు పడింది. వారం తిరగకుండా నేను పర్మనెంటయ్యాను. నోట్సు బాగా రాసినందుకు ఫైల్లో ఒక మంచిమాట కూడా రాశారు.

జైల్లో కూడా ఆయనతో జంపఖానాలే నేయించారట. ఇంట్లో పెద్ద మగ్గం ఖాళీగా ఉండిపోయింది. నాయిన చిన్న మగ్గం మీద ఒక్కడే కూర్చుని, ఒక్కరు కూర్చునే చిన్న ఆసనాలు నేశాడు. నా జీతంతో ఇల్లు గడిచింది. నాయిన నా చేతి డబ్బు తీసుకునేటప్పుడు ముఖం చూసేవాడు కాదు. నేనూ చూసేవాణ్ణి కాదు.

పెదనాయిన తిరిగొచ్చిన మర్నాడే నాయినతో కలిసి పెద్ద మగ్గం ఎక్కాడు. చిక్కిపోయాడు. నేను ఆఫీసుకు పోబోతుంటే పిలిచాడు. కోపంగా కాదు. చదువుకున్నవాణ్ణి తెలియని సంగతి అడిగినట్టు అడిగాడు.

"బిడ్డా, ఒక్క మాట. పలగ్గొట్టుడు మన పని కాదని నేను గా దినం అన్నట్టే యాదికున్నది. జైల్ల ఆరు నెలలు గదే యాదిజేసుకున్న. నీ బుక్కుల లేదాయె. నిజంగ అన్ననా, అనలేదా?"

కేసు అయిపోయింది. శిక్ష అయిపోయింది. అన్నావు పెదనాయినా అంటే నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. ఆయన ఒక్కడికి తెలుస్తుంది, అంతే. ఆ ఒక్కడికి తెలియడమే నాకు భయం.

"అనలేదు పెదనాయినా" అన్నాను.

"గట్లనా" అని ఒక పోగు సరిచేశాడు. "అయితే తప్పు నాదే బిడ్డా. నీ మీద మనసుల ఉత్తగనే అనుమానపడ్డ." పంజా అందుకుని కొట్టాడు.

ఆయన దెబ్బ ఒక్కటే పడింది. ఎడమ పక్క నాయిన పంజా చేతిలో పట్టుకుని, తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. మీటింగు రోజు, పెదనాయిన ఆ మాట అంటున్నప్పుడు నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది నాయినే.