నా సముద్రంలో గౌరి వల

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా ఒక వర్చువల్ రియాలిటీ సముద్రం తయారుచేసి, మొదటి క్లాసుకు ప్రిన్సిపాల్‌గారిని పిలిచాను. భావనపాడు మత్స్యకారుల అమ్మాయి గౌరి కళ్లకు హెడ్‌సెట్ పెట్టాను. చేపల గుంపు ఎదురుగా రాగానే గౌరి హెడ్‌సెట్ వైరు అందుకుని, వల లాగినట్టు రెండు చేతులా లాగేసింది.

"జారిపోతన్నాయి, మీరూ ఓ సెయ్యెయ్యండి మేడమ్."

నిజంగా జారింది బల్ల మీది కంప్యూటర్. కాలేజీ మొత్తానికి అలాంటిది అదొక్కటే. దాన్ని ఒళ్లో పట్టుకుని నేల మీద కూలబడ్డాను. చీవాట్లు ఖాయమనుకున్నాను.

ప్రిన్సిపాల్‌గారు ముందుకు వంగి, "ఏటి పడ్డాయే గౌరీ, కవళ్ల చేపలా?" అన్నారు.

"పడ్డాయి సార్. మేడమే అటేపు లాగేసినారు."

అంతవరకు చేపల పాఠానికి ఆవలించిన పిల్లలే హెడ్‌సెట్ కోసం వరస కట్టారు. మర్నాడు కంప్యూటర్‌ను బల్లకు కట్టేశాం. తాడు గౌరే ఇంటి నుంచి తెచ్చింది.