నఫ్సియాకు ఒంట్లో బాగాలేదు

కువైట్‌లోని జాబ్రియాలో వెంకటేశ్వరి పనిచేసే ఇంటికి సంబంధించిన నఫ్సియా అనే ఆవిడకు ఎప్పుడు చూడు ఒంట్లో బాగుండేది కాదు. వెంకటేశ్వరి ఆవిడ మొహమన్నా ఎరగదు. ఇంటి యజమానురాలు, అంటే పనివాళ్లంతా మామా అని పిలిచే ఆవిడ, ఫోనులో తన చెల్లెలితో మాట్లాడుతూ ఉసూరుమని "నఫ్సియ్యతి తాబానా" అనేది. తాబానా అంటే ఒంట్లో బాగాలేదని ఆ దేశంలో దిగిన వారానికే ఎవరికైనా తెలిసిపోతుంది. ఇంకేముంది, ఎవరో నఫ్సియా మంచాన పడిందన్నమాట. అదే ఇంట్లో వంట చేసే కుల్సుమ్ బీ కూడా అవునంది. రాయచోటిలో ఆమె పిన్నమ్మ కూతురి పేరు నఫీసా. ఇదీ అలాంటి పేరేనని తేల్చి పారేసింది.

ఆ మాట అన్న రోజు మామా గది తలుపేసుకుని పడుకునేది, లేదా కారేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లేది. జబ్బు మనిషిని పలకరించి వస్తోందని వీళ్లిద్దరూ తెగ జాలిపడేవాళ్లు. ఒకసారైతే వెంకటేశ్వరి ఉండబట్టలేక, ముక్కూమొహం తెలియని ఆ నఫ్సియా కోసం తమ ఊరి దేవుడికి టెంకాయ కూడా మొక్కుకుంది.

వెంకటేశ్వరి అలాంటి మనిషే. రాయచోటి పక్కన పల్లె ఆమెది. నోరు ఊరుకోదు. కుల్సుమ్ బీ ఉల్లిగడ్డలు తరుగుతుంటే, ఈమె గిన్నెలు తోముతూ ఊళ్లో వాళ్లందరినీ ఆ వంటింట్లోకి దింపేసేది. ఎవరి నడక ఎలా ఉంటుందో నడిచి మరీ చూపించేది. కుల్సుమ్ బీ కళ్లలో నీళ్లు ఉల్లిగడ్డలకు వచ్చినవో నవ్వుకు వచ్చినవో తెలిసేది కాదు.

అలాంటి కుల్సుమ్ బీని అర్దియాలో ఉన్న తన చెల్లెలి ఇంటికి పంపించేసింది మామా. ఆమె చోటులోకి నేపాల్ పిల్ల వచ్చింది. బంగారం లాంటి పిల్లే, కానీ ఏం చెప్పినా "అచ్ఛా దీదీ" అంటుంది, అంతే. ఇంట్లో తెలుగు ఖలాస్. వెంకటేశ్వరికి ముందు ఆకలి పోయింది, ఆ వెనకే నిద్ర పోయింది. ఇస్త్రీ చేస్తూ ఉండగా ఉన్నట్టుండి కళ్లమ్మట నీళ్లు కారి బట్టల మీద పడేవి. వాటి మీదే ఇస్త్రీ పెట్టె తిప్పేసేది. విడిగా నీళ్లు చల్లే పని తప్పింది, అంతవరకు లాభమే.

ఊళ్లో మొగుడు పెంచలయ్య రోజూ ఫోను చేసి బాగుండావా అని అడుగుతాడు. బాగుండా అని ఈమె అంటుంది. నిజం ఎట్లా చెబుతుంది? వాళ్ల ఊరి రమాదేవి కూడా కువైట్‌లో ఇట్లాగే దిగులు పట్టి, అన్నం మానేసి తిరిగొచ్చింది. ఊరు ఆమెకు 'కువైట్ పిచ్చిది' అని పేరు పెట్టి చక్కా కూర్చుంది. ఏం ఊళ్లో, ఏం మనుషులో! తన సంగతి బయటపడితే మామా టికెట్ చేతిలో పెడుతుంది, విమానం దిగేసరికి ఆ పేరు తనకోసం సిద్ధంగా ఉంటుంది. వెంకటేశ్వరిని పగలూ రాత్రీ తిన్న భయం అదొక్కటే.

ఒకరోజు పొద్దున మెట్లు తుడుస్తూ తుడుస్తూ మధ్యలో కూలబడిపోయింది. లేవాలంటే ఒళ్లు సహకరించలేదు. మామా పరుగున వచ్చి ఏమైందని అడిగింది. మనసును అరబ్బీలో ఏమంటారో వెంకటేశ్వరికి తెలియదు, తెలిసినా చెప్పేది కాదు. రొమ్ము మీద చెయ్యి వేసుకుని "గల్బ్" అంది. గల్బ్ అంటే గుండె. మామా గుండె కూడా జారిపోయి ఉంటుంది, ఉన్నపళాన ఆసుపత్రికి తీసుకుపోయింది.

వైర్లు తగిలించారు, కాగితం మీద గీతలు తీశారు. ఆ వైర్లు విప్పుతున్న నర్సు సత్యదుర్గ, రాజోలు మనిషి.

"ఆయ్, మీ గుండెకేం కాలేదండి, దివ్యంగా ఉంది. మరి మీకేమైందండి?" అంది.

ఎన్నో నెలల తర్వాత ఎదురుగా ఉన్న మనిషి నోట తెలుగు. వెంకటేశ్వరి భోరుమంది. కుల్సుమ్ బీ వెళ్లిపోవడం, నిద్ర, రమాదేవి, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది. "మాట్లాడేదానికి ఎవురూ లేరు తల్లీ. మనసు చెడిపోయింది. పిచ్చిదని పంపించేస్తారేమో" అంది. సత్యదుర్గ చెయ్యి పట్టుకుని, దాచుకుంటే తగ్గేది కాదని నచ్చజెప్పి, ఆమె ఊ అన్నాకే డాక్టరుకు చెప్పింది. డాక్టరు మామాను లోపలికి పిలిచి అరబ్బీలో ఏదో వివరించింది. వెంకటేశ్వరి ప్రాణాలు ఉగ్గబట్టుకుని వింటోంది. ఆఖర్న డాక్టరు "నఫ్సియ్యతహా తాబానా" అంది.

వెంకటేశ్వరికి ఒళ్లు మండిపోయింది. "నా బాధ నేను పడతా ఉంటే, మధ్యలో ఆ నఫ్సియా సంగతి ఎందుకు?"

సత్యదుర్గకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. "నఫ్సియా అంటే మనిషి కాదండీ, మనసండి. మీ మనసు అలిసిపోయిందంటున్నారు."

వెంకటేశ్వరి తలెత్తి మామా వంక చూసింది. ఇన్నేళ్లూ మంచాన పడి ఉన్నది ఎవరో కాదు, ఈవిడే. తలుపేసుకుని పడుకున్నదీ ఈవిడే. ఆ మాట దాచకుండా చెల్లెలితో, వినేవాళ్లందరితో చెప్పుకుంటూనే ఉంది, ఎవరూ పిచ్చిదనలేదు. మామా దగ్గరికొచ్చి, తన రొమ్ము మీద తట్టుకుని, "అనా సేమ్ సేమ్" అంది. నాదీ అదే అని. ఆ టెంకాయ చేరాల్సిన మనిషికే చేరిందని వెంకటేశ్వరి అనుకుంది.

టికెట్ మాట రాలేదు. వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్లమని డాక్టరు చెప్పింది. శుక్రవారాలు అర్దియాలో దింపుతానని, కుల్సుమ్ బీతో కడుపారా మాట్లాడుకోమని కారులో మామా తనే అంది.

సాయంత్రం పెంచలయ్య ఫోను చేశాడు. బాగుండావా అని అడిగాడు. అలవాటు మాట నాలుక మీదికి వచ్చేసింది. వెంకటేశ్వరి దాన్ని మింగేసింది.

"నఫ్సియాకు బాగలేదు."

"ఎవురు మే, ఆ నఫ్సియా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నేనేయ్యా" అంది.

ఇక పిచ్చిదన్న పేరు తనూ పెట్టేస్తాడేమోనని కళ్లు గట్టిగా మూసుకుంది.

"చెప్పు మే" అన్నాడు పెంచలయ్య, "వింటాండా."